వసూలుకు ఎవరూ రాని బాకీ

వాల్మీకిపురం దాటి గుర్రంకొండ వైపు పోతుంటే తరిగొండ వస్తుంది. బండరాళ్ల గుట్టలు, వాటి సందుల్లో వేరుశనగ చేలు, టమాటా తోటలు, గట్ల మీద చింతచెట్లు. ఊళ్లో లక్ష్మీనరసింహస్వామి గుడి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చూసి రావాలని బయల్దేరిన నేను ముందు ఈ ఊళ్లో దిగాను. దైవం మీద నమ్మకం ఒక మనిషిలో స్వభావంగా, నడతగా ఎట్లా స్థిరపడుతుందో తెలుసుకోవాలన్నదే ఈ ప్రయాణానికి కారణం. ఆ సంగతి అడగడానికి చిత్తూరు పడమటి మండలాల్లో తరిగొండ వెంగమాంబను మించిన దిక్కు లేదు.

వెంగమాంబ 1730లో ఇక్కడ పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లి చేశారు. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ కాలంలో వితంతువుకు తల గొరిగించడం, బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం ఇంటి పరువుకు సంబంధించిన పనులు. ఆమె ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయన ఉండగా నేను ముత్తయిదువనే అన్నది. మదనపల్లెలో సుబ్రహ్మణ్యశాస్త్రి అనే గురువు దగ్గర యోగమూ వేదాంతమూ నేర్చుకుంది. ఊరి పెద్దలు ఊరుకోలేదు. పుష్పగిరి పీఠాధిపతి వచ్చినప్పుడు ఆమెను పిలిపించి నిలదీయించారని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనక కూర్చుని ధ్యానం చేసుకుంటుంటే పూజారి జుట్టు పట్టి బయటికి ఈడ్చాడనీ, ఆ తరువాతే ఆమె ఊరు వదిలి తిరుమల చేరిందనీ చెబుతారు. 1817లో కన్నుమూసేదాకా కొండ మీదే ఉంది. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, వాసిష్ఠ రామాయణం రాసింది. ఇవాళ్టికీ ఏకాంతసేవలో స్వామికి తాళ్లపాక వారి లాలి తరువాత తరిగొండ వారి ముత్యాల హారతి పడుతుంది. తిరుమలలో లక్షల మంది అన్నం తిని లేచే భవనానికి ఆమె పేరే పెట్టారు.

ఈ కథలో నన్ను నిలబెట్టేసిన సంగతి ఒకటుంది. ఆమెను ఈడ్చిన పూజారీ నరసింహస్వామి భక్తుడే. ఆమెను నిలదీయాలన్న పెద్దలూ దైవాన్నీ శాస్త్రాన్నీ నమ్మినవాళ్లే. గుడి ఒకటే, దేవుడు ఒకడే, చదివే మంత్రాలూ అవే. ఆ నమ్మకమే ఒకరికి ఇంకొకరి జుట్టు పట్టుకునే తెగువ ఇచ్చింది, ఇంకొకరికి ఊరంతా ఎదురైనా ఒంటరిగా నిలబడే ధైర్యం ఇచ్చింది. అందువల్ల ఫలానా మనిషి భక్తుడా అని అడిగితే మనకు తెలిసేది కొంచెమే. ఆ భక్తికి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, తానా, పక్కవాళ్లా అని అడిగితే మనిషి బయటపడతాడు. వెంగమాంబ తన భక్తికి అయిన ఖర్చంతా తానే పెట్టుకుంది. ఊరు పోయింది, అయినవాళ్లు పోయారు. ఆ నష్టాన్ని ఆమె ఎవరి నెత్తినా రుద్దలేదు.

ఈ ప్రశ్ననే వెంటబెట్టుకుని మదనపల్లె చేరాను.

పొద్దున్నే మదనపల్లె అంటే టమాటా మండీ. ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా దీన్ని చెబుతారు. క్రేట్లు ఎక్కించిన లారీలు, వేలంపాట అరుపులు, రేటు వినగానే వెలిగే ముఖాలు, వాడే ముఖాలు. 2023 జులైలో ఇక్కడ కిలో టమాటా దాదాపు రెండు వందలు పలికింది. అదే పంటను కోత కూలి కూడా రాదని రోడ్డు పక్కన పారబోసే రోజులూ ఈ రైతులకు కొత్త కాదు. రేపటి ధర చేతిలో లేని మనిషి దేవుడి వైపు చూడడంలో వింత లేదు. ఈ ఊరి విశేషం మరొకటి. ఎన్నో రకాల నమ్మకాలు ఇక్కడికి వచ్చి, తమతో వచ్చిన మనుషుల నికరమెంతో చూపించి వెళ్లాయి.

ఇక్కడి బి.టి. (బీసెంట్ థియొసాఫికల్) కాలేజీని 1915లో అనీబీసెంట్ పెట్టించింది. ఆమె నమ్మకాలు జీవితమంతా మారుతూ వచ్చాయి. ఇంగ్లండులో ఒక చర్చి మతబోధకుడికి భార్య అయింది. మనసు ఒప్పని పూజలో కూర్చోలేనని ఆ కాపురం వదిలింది. చార్లెస్ బ్రాడ్లా పక్కన నిలిచి నాస్తికత్వాన్ని ప్రచారం చేసింది. ఆ రోజుల్లోనే, ఆమె అభిప్రాయాలనూ ప్రచురణలనూ తప్పుపట్టిన కోర్టు, కూతురిని ఆమె దగ్గర ఉంచడానికి వీల్లేదన్నది. 1889లో దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. 1917లో హోంరూల్ ఉద్యమం నడిపినందుకు ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది. ఆస్తికురాలిగా మొదలై, నాస్తికురాలై, మళ్లీ ఆస్తికురాలైన ఈ మనిషిలో ఒక్కటి మాత్రం మారలేదు. నిజమని తోచినదానికి మూల్యం తానే కట్టింది. నమ్మకం మారినా స్వభావం నిలకడగా ఉండడం అంటే ఇదే అనిపిస్తుంది. 1919లో రవీంద్రుడు ఇదే కాలేజీలో కొన్నాళ్లు ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరం రాసిపెట్టింది. మార్గరెట్‌ది ఐర్లండు, రవీంద్రుడిది బెంగాల్, పాట పుట్టి పెరిగిన దేశానికి అప్పటికి స్వాతంత్ర్యం లేదు.

పట్టణానికి కాస్త దూరంలో ఆరోగ్యవరం. ఇప్పుడది మెడికల్ సెంటర్. పాతవాళ్లకు మాత్రం ఇంకా శానిటోరియమే. 1912–15 నడుమ అనేక క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం దీన్ని నిలబెట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దీనికి ప్రాణం పోశాడు. క్షయను చంపే తొలి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనుక్కున్నది 1943లో. అంటే మూడు దశాబ్దాల దాకా ఈ డాక్టర్ల చేతిలో రోగాన్ని తుదముట్టించే ఆయుధమే లేదు. కొండగాలి, విశ్రాంతి, మంచి తిండి, కొన్ని ఆపరేషన్లు, అంతే. బాగయ్యేవాళ్లు బాగయ్యేవాళ్లు, పోయేవాళ్లు పోయేవాళ్లు. అంటురోగమని సొంతవాళ్లే పళ్లెం దూరంగా తోసే రోజుల్లో, మరుసటి పొద్దున మళ్లీ అదే మంచం దగ్గరికి వెళ్లి నాడి పట్టుకోవడానికి ఏం కావాలి? చదువు ఒక్కటే చాలదు. ఫలితం కనబడని పనిని ఏళ్ల తరబడి చేయించే నమ్మకం ఏదో లోపల ఉండాలి.

ఆ చెట్ల కింద నడుస్తూ నేను మిషనరీల గురించి మన ఊళ్లలో వినిపించే వాదాలన్నీ తలుచుకున్నాను. మతం మార్చడానికే వచ్చారన్న మాటలో వాస్తవం ఉంది. బోధ వాళ్ల పనిలో భాగమే, దాన్ని వాళ్లు దాచలేదు. 1863లో మదనపల్లె వచ్చి 1908లో ఇక్కడే కన్నుమూసిన అమెరికన్ జేకబ్ చాంబర్లిన్ ఒక చేత్తో మందుల పెట్టె, ఇంకో చేత్తో తెలుగు బైబిలు పట్టుకుని తిరిగాడు. ఆ బోధతో ఏకీభవించకపోవచ్చు. అయినా ఆరోగ్యవరం వార్డుల్లో తెల్లారేదాకా ఎవరు మేలుకున్నారన్న లెక్క దానివల్ల చెరిగిపోదు. మోలర్ తరువాత డాక్టర్ పి.వి. బెంజమిన్ వచ్చి ఈ శానిటోరియాన్ని నడిపాడు. స్వతంత్ర భారతం 1948లో బీసీజీ టీకాను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. మోలర్ కొడుకు యోహానెస్ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి టీకా ఎంత పనిచేస్తోందో ఏళ్లపాటు పరిశీలించాడు. తండ్రి ప్రార్థనతో మొదలైన పనిని కొడుకు లెక్కల పుస్తకంతో కొనసాగించాడు. ఆ ప్రార్థనకూ ఈ లెక్కకూ మధ్య నాకు తగవు కనబడలేదు.

మదనపల్లెలోనే 1895 మే నెలలో జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. 1909లో అడయారు సముద్రతీరంలో ఆ పిల్లవాణ్ణి చూసి సమాజ పెద్దలు, రాబోయే జగద్గురువు ఇతనేనన్నారు. 1911లో అతని కోసం ఒక సంఘమే పెట్టారు. దేశదేశాల్లో వేల మంది సభ్యులు, భూములు, భవనాలు, విరాళాలు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఒమ్మెన్ శిబిరంలో, అనీబీసెంట్ ఎదుటే, కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యానికి ఎవరూ దారి వేసి ఇవ్వలేరని చెప్పాడు. సంఘం కోసం ఇచ్చిన ఆస్తులను ఇచ్చినవాళ్లకే తిరిగి అప్పజెప్పాడు.

కురబలకోట మండలంలో, ఆయన పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి ఉన్న లోయలోకి దారి దిగుతుంటే ఈ చివరి సంగతే మనసులో మెదిలింది. నమ్మకం పోయినా పీఠం మీద కూర్చునేవాళ్లు లోకంలో తక్కువేం లేరు. పీఠం దిగడానికి ఎవరూ ఒత్తిడి చేయని రోజున దిగిపోవడం, ఆస్తి వెనక్కి ఇవ్వమని ఎవరూ అడగని రోజున ఇచ్చేయడం, ఇవి మతాన్ని కాదన్న మనిషి చేసిన పనులు. వెంగమాంబ దేవుణ్ణి వదలనని ఊరు వదిలింది. కృష్ణమూర్తి దేవుడి స్థానంలో తనను కూర్చోబెడతామంటే ఆ ఆసనాన్ని వదిలాడు. తరిగొండ నుంచి రిషివ్యాలీ దాకా పెద్ద దూరం లేదు. ఇద్దరి మాటలూ ఒకదానికొకటి పొసగవు. ఇద్దరి నడతా మాత్రం ఒకే తూకం తూగుతుంది.

మదనపల్లెలోనే ఇప్పుడు శ్రీ ఎం అనే ఆధ్యాత్మిక గురువు ఉంటున్నారు. తిరువనంతపురంలో ముస్లిం కుటుంబంలో పుట్టి, హిమాలయాల్లో నాథ సంప్రదాయపు గురువు దగ్గర శిష్యరికం చేసినవారు. 2015–16లో కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా కాలినడకన వెళ్లారు. మతాల మధ్య పొత్తు గురించి వేదికల మీద మాట్లాడేవాళ్లు చాలామంది. ఆ మాట కోసం నెలల తరబడి ఎండలో నడిచేవాళ్లు కొద్దిమంది.

పుంగనూరు దారిలో చౌడేపల్లె మండలంలో బోయకొండ. కొండ మీద గంగమ్మ. గోల్కొండ నవాబు సైన్యం ఈ అడవి పల్లెల మీద పడి బోయలను బాధపెడితే అమ్మవారు కొండ దిగి వచ్చి కాపాడిందనీ, ఆ తరువాత మాతోనే ఉండమని బోయలు వేడుకున్నారనీ స్థలపురాణం. ఆదివారమైతే కొండ కింద చెట్టుకొక పొయ్యి వెలుగుతుంది. కోళ్లు, పొట్టేళ్లు, రాగిసంగటి. కర్ణాటక, తమిళనాడు బండ్లు కూడా బారులు తీరి ఉంటాయి. ఇక్కడి తీర్థం తీసుకుపోయి పంట మీద చల్లితే చీడ పోతుందని రైతుల నమ్మకం.

ఈ కొండ మీద పుష్పం పెట్టించుకోవడం ప్రసిద్ధి. భక్తుడు మనసులో ఒక కోరిక అనుకుంటాడు. పూజారి అమ్మవారి తల మీద పువ్వు పెడతాడు. కుడివైపు పడితే పని అవుతుంది. ఎడమకు పడితే ఆగాలి. నా ముందు వరుసలో ఒక రైతు దంపతులు. వాళ్ల పువ్వు ఎడమకు జారింది. బయటికి వచ్చాక మాట కలిపితే ఆయన చెప్పాడు: “అప్పు చేసి ఇంకో బోరు ఏద్దామా అని అడిగినాం సార్. ఇప్పుడొద్దంటా ఉంది ఆయమ్మ. సరే, ఈ ఏడు ఉన్న నీళ్లతోనే ఏదో ఒకటి పెట్టుకుంటాం.” వెయ్యి అడుగులు దిగినా తడి తగలని బోర్లు ఉన్న నేల ఇది. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. పువ్వు పడే తీరును ఎవరెట్లా అర్థం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. కావాలనుకున్నది కాదన్నప్పుడు తల వంచి, ఇంటికి పోయి, ఉన్నదానితో సేద్యం మొదలుపెట్టగలగడం మాత్రం చాలా పెద్ద శిక్షణ. కోర్టు తీర్పునూ డాక్టరు మాటనూ ఒప్పుకోలేక కొట్టుకుపోయే మనకు అది అంత తేలిగ్గా అలవడదు.

పుంగనూరు పేరు చెప్పగానే ఇప్పుడు లోకానికి గుర్తొచ్చేది పొట్టి ఆవు. మనిషి నడుము ఎత్తు కూడా దాటని ఈ జాతి ఒక దశలో అంతరించిపోతుందని భయపడేదాకా వచ్చింది. తాతల నాటి గొడ్డు అని కొందరు కట్టుకొయ్య ఖాళీ చేయకపోవడం వల్లా, పలమనేరు పరిశోధన కేంద్రం పూనుకోవడం వల్లా మిగిలింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం జమీందారుల ప్యాలెస్. ఈ జమీందారులు కోలారు సీమలోని సుగుటూరు పాలెగాళ్ల వంశం వాళ్లు. వాళ్ల కులదైవం సుగుటూరు గంగమ్మ. ఏటా వేసవి ముంగిట ప్యాలెస్ ఆవరణలోనే ఆ అమ్మకు జాతర జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ రోజుల్లో కోట తలుపులు దాటి లోపలికి వస్తాయి.

మద్రాసు రాష్ట్రంలో 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. శిస్తు వసూలు చేసే హక్కు పోయింది, పరివారం పోయింది, దర్పం పోయింది. జాతర పోలేదు. అధికారం ఉన్న రోజుల్లో ప్రజలకు తలుపులు తెరవడంలో దొరతనపు ఆర్భాటం కలిసి ఉండేది కావచ్చు. అధికారం పోయాక కూడా అదే తలుపులు అదే తేదీలకు తెరవడంలో ఆర్భాటానికి చోటు తక్కువ. పూర్వీకులు అమ్మకు ఇచ్చిన మాట మిగిలింది, దాన్ని నిలబెడుతున్నారు. హక్కులు పోయాక కూడా బాధ్యత ఉంచుకోవడం ఒక ఇంటికి ఉండదగ్గ గుణం.

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి భాషలు కలిసిపోతాయి. టీ అంగడి దగ్గర ఒక మాట తెలుగు, ఒక మాట తమిళం, డబ్బులు ఇచ్చేటప్పుడు కన్నడం. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఈ మూలకు తెచ్చిపెట్టడంలో అర్థముంది. చెన్నై–బెంగళూరు రైలుమార్గం ఊరి మీదుగానే పోతుంది. తెల్లవారుజామున బెంగళూరు రైలుకు ఎక్కి, పని చేసి, రాత్రికి తిరిగి వచ్చే మనుషులతో స్టేషన్ కిటకిటలాడుతుంది. మే నెలలో ఈ ఊరి తిరుపతి గంగమ్మ జాతర వస్తే మాత్రం ఊరు ఊరంతా ఇక్కడే ఉంటుంది. జాతర ముగింపులో అమ్మవారి విశ్వరూప దర్శనం ఏడాదికి ఒక్కసారే దొరుకుతుంది. మూడు రాష్ట్రాల జనం దానికోసం వస్తారు.

గుడి దగ్గర వరుసలో నిలబడిన ఒక యువకుడి చేతిలో కొత్త చీర, గాజులు, పసుపు కుంకుమ ఉన్న పళ్లెం. బెంగళూరులో కట్టడం పనులకు పోతాడట. తల్లికి జబ్బు చేసినప్పుడు అమ్మవారికి చీర పెడతానని మొక్కుకున్నాడు. తల్లి కోలుకుందా అని అడిగాను. “దక్కలేదు సార్. పోయిన సంక్రాంతికి ముందే పోయింది.” నేనేమీ అనకముందే తనే చెప్పాడు: “చీర పెడతానని చెప్పింది నేను కదా. ఆయమ్మ యాడా సంతకం పెట్టలేదే.”

మొక్కును దేవుడికి ఇచ్చే లంచమంటారు చాలామంది. చదువుకున్నవాళ్లం ఈ మాట ఇంకా తేలిగ్గా అంటాం. ఆ వరుసలో నిలబడ్డాక అది ఎందుకు తప్పో నాకు స్పష్టంగా కనబడింది. లంచం పని జరగకముందే చేతులు మారుతుంది, ఇవ్వకపోతే పని ఆగిపోతుంది. మొక్కు అవసరం తీరాకే చెల్లిస్తారు. అప్పటికి బిడ్డకు జ్వరం తగ్గి ఉంటుంది, ఉద్యోగం వచ్చి ఉంటుంది. ఎగ్గొడితే నిలదీసే సాక్షి లేడు, పత్రం లేదు, వడ్డీ లేదు. భయంతోనే తీరుస్తారని అనవచ్చు. అట్లా తీర్చేవాళ్లూ ఉంటారు. కానీ అడిగింది దక్కక, పోవలసిన ప్రాణం పోయాక, ఇక భయపడటానికి ఏమీ మిగలని ఈ కుర్రవాడు రోజు కూలి వదులుకుని ఎండలో ఎందుకు నిలబడ్డాడు? మాట ఇచ్చాను, ఇచ్చినవాణ్ణి నేనే, కాబట్టి నేనే తీర్చాలి. అంతకుమించి కారణం అతనికి అక్కర్లేదు.

తరిగొండలో మొదలైన ప్రశ్నకు జవాబు నాకు ఆ వరుసలో దొరికింది. వెంగమాంబ, ఆరోగ్యవరం డాక్టర్లు, పీఠం దిగిన కృష్ణమూర్తి, తలుపులు తెరిచి ఉంచిన పుంగనూరు ఇల్లు, ఎడమకు పడిన పువ్వును ఒప్పుకున్న రైతు, చీర పట్టుకుని నిలబడ్డ కూలి. వీళ్లు నమ్మినవి ఒక్కటి కావు, కొందరివి ఒకదానికొకటి ఎదురు కూడా. అందరూ వసూలుకు ఎవరూ రాని బాకీని తామే వెళ్లి తీర్చినవాళ్లు. నమ్మకం గుణంగా మారిందనడానికి నాకు తెలిసిన గుర్తు ఇదొక్కటే. గుడి మెట్లు ఎన్ని ఎక్కినా ఈ గుర్తు లేని మనిషిలో భక్తి ఇంకా అలవాటు దగ్గరే ఆగింది. గుడి ముఖం చూడకపోయినా ఈ గుర్తు ఉన్న మనిషి దగ్గర భక్తులు నేర్చుకోవలసింది ఉంది.

మన పిల్లలకు గుడికో చర్చికో మసీదుకో దారి చూపిస్తున్నాం. మంచిదే. మొక్కుకోవడంతో పాటు, అడిగింది దక్కని రోజున కూడా మొక్కు తీర్చడం నేర్పుదాం. తన నమ్మకానికి అయ్యే ఖర్చు పక్కవాళ్ల మీద వేయకూడదని నేర్పుదాం. అది వంటబట్టిన పిల్ల పెద్దయ్యాక ఏ దేవుణ్ణి కొలిచినా, ఏ దేవుణ్ణీ కొలవకపోయినా, ఆమె ఇచ్చిన మాట మీద పక్కవాళ్లు నిశ్చింతగా బతకవచ్చు.